ఒడిలో పెట్టిన ఫోను

కర్మన్‌ఘాట్,
విశ్వావసు నామ సంవత్సర శ్రావణ శుద్ధ పంచమి,
29-7-2025.

చిరంజీవి సౌభాగ్యవతి అండాలమ్మకు,
అన్న జనార్ధన్ ఆశీర్వదించి వ్రాయునది.

ఈ శ్రావణంలో, రాఖీ పున్నమ మరునాటి ఆదివారం, మన ఇంట నీకు ఒడిబియ్యం పోయాలని సంకల్పించాను. ఒడిబియ్యాన్ని నేను పండుగగా ఎన్నడూ తలచలేదు. అది ఒక ప్రమాణం. ఆడబిడ్డ జుట్టు నెరిసిన తరువాత కూడా, పుట్టిన ఇల్లు ఆమెను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యాన్ని దోసిళ్ళతో ఒడి నింపి, ‘నీవు మా దానివే’ అని చెప్పే మాట అది. అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మ చెప్పింది. ఇప్పుడు నేను చెప్పాలి.

అమ్మ నేర్పిన నియమం నీకు జ్ఞాపకమే ఉంటుంది. ఆడబిడ్డ ఒడిలో పడినది ఏదైనా ఆమెదే. పోసినవాడు దానిని తిరిగి అడగరాదు. ఏం చేశావని విచారించరాదు. ఆ బియ్యాన్ని ఆమె తన చేతులతో వండి ఎవరికి వడ్డిస్తే వారు పుట్టింటికి బంధువులవుతారు. శాస్త్రాలెన్నో చదివాను గాని, ఇంత చిన్న మాటలలో ఇంత పెద్ద ధర్మాన్ని చెప్పినవారిని నేను చూడలేదు.

ఈసారి చీరె, రవిక, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలతో పాటు నీ ఒడిలో ఒక స్మార్ట్‌ఫోను కూడా పెట్టదలచాను. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోనులో నీ గొంతు నాకు గాలి వీచినట్లు వినబడుతుందే తప్ప మాట తెలియదు. అందుకే ఇన్నేళ్లుగా మనకు ఉత్తరాలే దిక్కు. నీవు మాట్లాడాలన్నా మేనల్లుడు నవీన్ తన ఫోనును స్పీకరులో పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపిస్తాడాయె. నీకంటూ ఒకటి ఉంటే ముఖమైనా చూసుకోవచ్చును. పైగా మా కాలనీ సత్సంగంలో సాయంత్రాలు నేను చేసే పురాణ ప్రవచనాన్ని పిల్లలు ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. బాటసింగారంలో కూర్చొని నీవు వినవచ్చును. నేను చెప్పేది నాకే సరిగా వినబడదు. నీవైనా వింటే చెప్పినందుకు ఫలం.

నా పింఛనుకు తగినది, నీ చేతికి ఒదిగేది కొందాము. ఎటువంటిది కావాలో వ్రాయి.

నవీన్‌ను, బావను తప్పక తీసుకొని రా. విజయశ్రీ విషయంలో నాలుగేళ్ల క్రితం మన ఇంటి దీపం ముందు అందరం అనుకొన్న మాట అట్లే ఉన్నది. కులం గాని వాని వెంట, మేనమామనైన నాకు ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోయిన పిల్ల ముఖం చూడము, ఆమె ఇంట తినము, ఆమెకు మన ఇంటి మెతుకు పెట్టము. నీ కన్నకూతురే అయినా ఆనాడు నీవు కుటుంబం మాట నిలబెట్టావు. ఆ గౌరవం నా మనసులో ఉన్నది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి, అన్న
జనార్ధన్.


బాటసింగారం,
2-8-2025.

పూజ్యులైన అన్నకు,
చెల్లె అండాలు దండాలు పెట్టి రాసేది.

నీ ఉత్తరం నిన్న అందింది. ఒడిబియ్యం మాట చదువంగనే నాకు అమ్మ యాదికొచ్చింది. ఆమె దోసిలి చిన్నది గద, ఎన్నిసార్లు పోసినా ఇంకోసారి పోసేది.

ఫోనెందుకన్నా గింత ఖర్చు? మీ బావకు చెప్తే ఒకటే నవ్వుడు. “దీనికి టీవీ రిమోటే చేత గాదు. ఆ ఫోను పట్టుకొని ఏం జేస్తది, మక్కకంకి లెక్క కాల్చుకుంటదా?” అన్నడు. నేను గూడ ఊకోలె. “నీకు నలభై ఏండ్ల సంది అన్నం ఒండి పెడుతున్న, నిన్ను నడిపినదానికి ఫోను నడుపుడు పెద్ద పనా?” అన్న.

నువ్వు అడిగినవ్ గాబట్టి చెప్తున్న. పెద్ద కంపెనీది ఒద్దు. గని కెమెర మంచిగుండాలె అన్నా. ఫోటోలు మస్తు పట్టాలె, జల్ది నిండొద్దు. వీడియోల మాట్లాడుతుంటే మొఖం చుక్కలు చుక్కలు గాకుండ, కండ్లు, ముక్కు, పండ్లు అన్ని సాఫ్ కనబడాలె. దినాం నెట్ ఉండాలె, నడుమ అయిపోవద్దు. రీచార్జి కోసం నెలనెలా నేను నవీన్‌ను అడుక్కోవద్దు. వాడు పండ్ల మార్కెట్ల కమీషన్ దుకాణం సంది రాంగనే “అమ్మా, ఎవరికి జేసినవ్” అని చూస్తడు. నాది నాకు ఉండాలె.

ఇదంత నీ పురాణం మంచిగ కనబడాలనే. ఇంకోటి ఏం లేదు.

దాని మాట నేను ఎత్తను. నువ్వు గూడ ఎత్తకు.

వదినెకు మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయ్? నువ్వుల నూనె పెట్టుమను. పున్నమ నాడు పొద్దుగాల్నే బయలెల్లుతం.

నీ చెల్లె
అండాలు.


కర్మన్‌ఘాట్,
6-8-2025.

చిరంజీవి సౌభాగ్యవతి అండాలమ్మకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ముచ్చటపడ్డాను. నా ప్రవచనం కోసం కెమెరా గురించి అంత శ్రద్ధగా వ్రాసిన దానివి, ఇన్నేళ్లు ఎంత వెలితిగా ఉన్నావో అనిపించింది. నిన్న సాయంత్రం నేను, మీ వదినె ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాము. శ్రావణమాసపు చీరెల బేరాలతో, కోచింగు సెంటర్ల నుండి వదిలిన పిల్లలతో అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. మీ వదినె ఒక చీరెల దుకాణం ముందు నిలబడిపోయింది. నీకు ఆకుపచ్చ పట్టుచీరె, మామిడిపిందెల అంచుది, అక్కడే తీసుకొన్నాము. రంగు ఆమె ఎంచింది. అంచు నేను ఎంచాను.

పక్క సందులో ఫోన్ల దుకాణం పెట్టుకొన్న తిరుపతి బడిలో నా శిష్యుడు. వాడికి పద్యం ఏనాడూ పట్టుబడలేదు గాని వినయం పట్టుబడింది. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, నా చెవి దగ్గరకు వంగి మాట్లాడాడు.

“సార్, మీ చెల్లెకు కెమెర మంచిగ కావాలంటున్నరు. పన్నెండువేల లోపల్నయితే గిది తీస్కోండ్రి. దీంట్ల మనుషులు మనుషుల లెక్కనే కనబడ్తరు.”

“మనుషులు మనుషులుగా కనబడటానికి కెమెరా కావాలా నాయనా?” అన్నాను.

“గీ రోజుల్ల కావాలె సార్,” అన్నాడు.

తరువాత ప్లాన్ల ప్రస్తావన వచ్చింది. నెల ప్లాను చూపించాడు. “నెలంటే ఎన్ని దినాలు?” అని అడిగితే ఇరవై ఎనిమిది అన్నాడు. “చాంద్రమానంలో లేదు, సౌరమానంలో లేదు. ఇది ఏ పంచాంగం?” అన్నాను. “కంపెనీ పంచాంగం సార్. అండ్ల ఏడాదికి పదమూడు నెలలు,” అన్నాడు. మీ వదినె అంతమందిలో పకపకా నవ్వింది. ఆ బాధ లేకుండా ఏడాది పొడుగునా నడిచే ప్లాను వేయించాను. రోజూ నెట్ వస్తుంది. నీవు ఎవరి చేయీ చూడనక్కరలేదు.

నా పాత బటన్ల ఫోను కూడా ముసలిదైంది గనుక, అచ్చంగా నీదాని వంటిదే నాకొకటి తీసుకొన్నాను. రెండూ కవలపిల్లల వలె ఉన్నాయి. ఫోను తెరవడానికి ఖాతా ఒకటి కావాలట. నీకు లేదాయె. “కొత్తది తెరుస్త సార్, అమ్మ ఆధార్ తెస్తరా?” అన్నాడు. “నా ఖాతానే రెండింటిలో పెట్టు. పుట్టింటి పేరు మీదనే నడవనీ,” అన్నాను. వాడు తల గోక్కున్నాడు. “ఒక్కటే ఖాతా పెడితే ఇటుది అటు, అటుది ఇటు కలుస్తయ్ సార్.” “అన్నాచెల్లెళ్లవి కలిస్తే తప్పేముందిరా!” అని గద్దించాను. వాడు రెండింటిలోనూ నా ఖాతానే వేసి ఇచ్చాడు.

ఎదురుచూస్తుంటాను.

నీ అన్న
జనార్ధన్.


బాటసింగారం,
20-8-2025.

పూజ్యులైన అన్నకు దండాలు.

ఒచ్చి పది దినాలాయె, ఉత్తరం రాయలె. కోపం చేయకు. ఒడిబియ్యం ఎంత మంచిగ పోసినవ్ అన్నా! పీట మీద కూసుంటే నాకు పెండ్లయిన ఏడాది లెక్కనే అనిపించింది. నువ్వు దోసిలి నింపి పోస్తుంటే నేను కండ్లు మూసుకున్న. చీరె మీద ఫోను పెట్టి “ఇది గూడ నీదే” అన్నవ్ గద, ఆ మాట నాకు చెవుల్నే ఉన్నది.

బియ్యం మంచి దినం చూసి ఒండుకున్నం. నెయ్యి ఏసి, బెల్లం పరమాన్నం చేసి పెట్టిన. అందరు కడుపునిండ తిన్నరు. చీరె గూడ మస్తు నచ్చింది.

ఫోను నేర్చుకుంటున్న. మొదటి దినం నా బొటనవేలు ఫోటోలే ఒచ్చినయ్. ఇప్పుడు మంచిగ ఒస్తున్నయ్. నీ పురాణం దినాం చూస్తున్న. కృష్ణాష్టమి నాడు నువ్వు చెప్పింది ఎంత బాగున్నదో. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

వదినెకు నా దండాలు చెప్పు.

నీ చెల్లె
అండాలు.


కర్మన్‌ఘాట్,
28-8-2025.

చిరంజీవి సౌభాగ్యవతి అండాలమ్మకు ఆశీస్సులు.

నిన్న వినాయక చవితి బాగా జరిగింది. నీ ఉత్తరాన్ని మీ వదినెకు చదివి వినిపించాను. బొటనవేలు దగ్గర నవ్వింది, పరమాన్నం దగ్గర ఎందుకో లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఒక్క సంగతి. కృష్ణాష్టమి నాడు నాకు జ్వరం. పీఠం ఎక్కలేదు. ఆనాడు ప్రవచనం చేసినవారు వేరు. నీవు మరొక దినాన్ని తలచుకొని వ్రాసి ఉంటావు. వయసు నీకూ మీద పడుతున్నది, నాకూ పడుతున్నది. అయినా కన్నీళ్లు వచ్చాయని వ్రాశావే, ఎవరి మాటకు వచ్చాయో అని కొంచెంసేపు ఆలోచించాను.

నీవు పంపుతున్న ఫోటోలు అందుతున్నాయి. ఎట్లా పంపాలో ఎవరు నేర్పారు? నేనే నేర్చుకోలేకపోయానే! పొద్దున ఫోను తెరిస్తే తమంతట అవే వచ్చి కూర్చుంటున్నాయి. వెండి గజ్జెల పట్టీలు వేసిన చంటిపిల్ల పాదాలు. పాలగిన్నెలో ముంచిన ఒక చిట్టి చేయి. చాప మీద బోర్లా పడి తల పైకెత్తి చూస్తున్న పిల్ల వీపు. ముఖం మాత్రం ఎందులోనూ సరిగా లేదు. ఎవరి బిడ్డ? నవీన్‌కు ఇంకా సంతానం కలుగలేదు కదా. ఎవరి బిడ్డయినా పాదాలు చూస్తే దండం పెట్టాలనిపించింది. మా సత్సంగంలో నలుగురికీ చూపించాను, ‘మా చెల్లె పంపింది’ అని.

ఆ పిల్ల ముఖం కూడా ఒకటి పంపు.

నీ అన్న
జనార్ధన్.


బాటసింగారం,
2-9-2025.

పూజ్యులైన అన్నకు,

నేనేం ఫోటోలు పంపలే అన్నా. ఒట్టు. నాకు పంపుడే రాదు. నీ ఫోను ఖరాబైనట్టుంది, తిరుపతికి చూపియ్. అండ్ల ఏమొచ్చినా తెరువకు. ఎవరికి చూపియ్యకు.

ఆ పిల్ల మా పక్కపొంటి అర్రల కిరాయికుండే అమ్మాయి బిడ్డ. తల్లి పనికి పోతే జరసేపు ఎత్తుకుంట. గంతే. పిల్ల మొఖం నీకెందుకు?

కృష్ణాష్టమిది పాతది పెట్టిన్రు గావొచ్చు. నాకు దినాలు యాదికుంటలేవు.

మీ బావకు దగ్గు. ఉంట.

అండాలు.


కర్మన్‌ఘాట్,
8-9-2025.

అండాలమ్మకు,

ఆశీస్సులతో మొదలుపెట్టడానికి ఈనాడు నా చేయి రావడం లేదు.

నిన్న రాత్రి గ్రహణమని మధ్యాహ్నానికే భోజనం ముగించి కూర్చొని ఫోను తెరిచాను. కొత్త ఫోటోలు ఏవీ లేవు. నీ ఉత్తరం చదివాక ఎవరైనా అపరిచితుల చిత్రాలేమో, తీసివేయాలని పాతవాటి లోనికి వెళ్లాను. ఆగస్టు పదిహేను నాటి వరుస కనబడింది. అంతకు ముందు నేను అంత లోతుకు పోలేదు.

ఆకుపచ్చ పట్టుచీరె, మామిడిపిందెల అంచు. నేను ఎంచిన అంచు. అది విజయశ్రీ ఒంటి మీద ఉన్నది. ఆమె వంగి విస్తరిలో వడ్డిస్తున్నది. విస్తరిలో పసుపుపచ్చని అన్నం. విస్తరి ముందు కూర్చున్నవాడు ఆమె పెండ్లాడిన ఆ ప్రసన్నకుమార్. అతని తొడ మీద, వెండి గజ్జెల పట్టీలతో, నీవు పక్క అర్రలోని కిరాయివారి బిడ్డ అని వ్రాసిన బిడ్డ.

నా చేతులతో పోసిన బియ్యం మీర్‌పేట్‌లో ఆ ఇంట ఉడికింది. నాలుగేళ్లుగా నేను ఆ దారిన వెళ్లే బస్సు కూడా ఎక్కలేదు. కర్మన్‌ఘాట్ నుండి ఎంత దూరం? అయినా చుట్టు తిరిగి పోయాను, ఎందుకంటే మాట ఇచ్చాము కనుక. ఇచ్చినవాడిని నేనొక్కడినే అని ఇప్పుడు తెలిసింది.

నీ మొదటి ఉత్తరాన్ని మళ్లీ తీసి చదివాను. కెమెరా మంచిగా ఉండాలి. ముఖం సాఫుగా కనబడాలి. కండ్లు, ముక్కు, పళ్లు. నా పళ్లు చూడటానికని నమ్మాను! ఆ పిల్లకు రాబోయే పాలపళ్లని ఇప్పుడు అర్థమవుతున్నది. నవీన్ చూడకూడదన్నావు. ఎందుకో ఇప్పుడు తెలుస్తున్నది. నా ప్రవచనాన్ని అడ్డం పెట్టుకొని, నా చేతనే కొనిపించి, నా చేతనే ఒడిలో పెట్టించుకొని, నా మాటను నా గిన్నెలోనే వండి వడ్డించావు. శత్రువు చేస్తే కాచుకోవచ్చును. తోడబుట్టినది చేస్తే ఎటు తిరగాలో తెలియదు.

సత్సంగంలో ఆ పాదాలను నలుగురికీ చూపించాను. వారికి తెలిస్తే నవ్వుతారని కాదు. దండం పెట్టాలనిపించిందని వారి ముందే అన్నాను. ఆ మాటను ఎక్కడ దాచుకోను?

ఆ చిత్రాలన్నిటినీ ఒకేసారి ఎంచి, చెత్తబుట్ట గుర్తు మీద వేలు పెట్టాను. అన్నిచోట్ల నుండీ తీసివేయమంటారా అని ఫోను అడిగింది. అవునన్నాను.

ఒడిబియ్యం పీటను అటక మీద పెట్టించాను. ఇక దానిని దించే పని లేదు.

జనార్ధన్.


బాటసింగారం,
13-9-2025.

అన్నా,

నా ఫోన్ల ఫోటోలన్ని పోయినయ్. ఒక్కటి లేదు.

ఏడో తారీఖు పొద్దుమీకి, మీర్‌పేట్ సంది ఒస్తూ ఎల్బీనగర్ల బస్సు కోసం నిలబడ్డ. పిల్లను ఇడిసిపెట్టి ఒచ్చినంక దార్ల ఫోటోలు చూసుకునుడు నాకు అలవాటైంది. తెరిస్తే తెల్లగ ఉన్నది. ఆడనే మెట్ల మీద కూలబడ్డ. ఎవరో నీళ్లు తాపిన్రు. ఫోను ఖరాబైంది అనుకున్న. నీ ఉత్తరం ఒచ్చినంక తెలిసింది, నువ్వు తుడిస్తే నాది గూడ తుడుచుకుపోయిందని. పిల్ల మొదటిసారి మోకాళ్ల మీద లేసింది. “తాతా” అనుకుంట గోడ మీది బల్లిని పిలిచింది. నవ్వీ నవ్వీ నా చేయి ఊగింది, ఆ వీడియో గూడ పోయింది. అది మళ్ల మొదటిసారి లేస్తదా అన్నా?

నువ్వు నాకు ఫోను ఇయ్యలె. నా ఇంట్ల కిటికి పెట్టుకున్నవ్. నేను ఏం చూస్తున్ననో, ఎవరింట్ల కూసున్ననో కర్మన్‌ఘాట్ల కూసొని చూసినవ్. తిరుపతి కలుస్తయ్ అని చెప్పిండని నువ్వే రాసినవ్. నాకు సమజ్ గాలె, నీకైతే సమజైంది గద? నవీన్ స్పీకర్ పెట్టి ఇంటడు. వాడే నయం, ఎదురుంగ ఇంటడు.

అవు, అబద్దాలాడిన. ఒకటి గాదు. నీ పురాణం నేను ఒక్కనాడు సుత చూడలె. నువ్వు ఏపిచ్చిన నెట్టంత నా మనుమరాలి మొఖానికే ఖర్చయింది. గిది చదివి నీకు నొప్పైతదని తెలుసు. నొయ్యనీ. దీపం ముందు నువ్వు మాట చెప్పిననాడు నేను నోరిప్పలె. నువ్వు దాన్ని ఒప్పుకున్నట్టు పట్టుకున్నవ్. మూడేండ్లు దాని దిక్కు చూడలె. అది నీళ్లోసుకున్నదని తెలిసినప్పుడు గూడ పోలె. దవాఖానల బిడ్డ పుట్టినంక పోయిన. గాజు అద్దం అవతల నిలబడి చూసిన. ఆడ నిలబడ్డప్పుడు నాకు మీ మాట ఒక్కటి యాదికి రాలె.

ఒడిబియ్యం ముచ్చట. నా ఒడిల పడ్డది నాదే అన్నవ్. తిరిగి అడుగరాదు అన్నవ్. ఏం జేసినవని విచారించరాదు అన్నవ్. ఎవరికి వడ్డిస్తే వాళ్లు పుట్టింటికి సుట్టాలు అన్నవ్. అమ్మ చెప్పిందే గద, నువ్వు మంచి అక్షరాలల్ల రాసిచ్చినవ్. నేను గదే జేసిన. పుట్టింటి బియ్యం నా బిడ్డకు పెట్టిన. నీ మాట ఇడిసిపెట్టింది నేను గాదు, నువ్వు. పోసి, ఎనుకకు తీసుకున్నవ్.

ఫోను నీకు తిప్పి పంపాలని డబ్బల పెట్టిన. ఒడిల పడ్డది తిరిగి ఇయ్యరాదని మళ్ల తీసిన. గోడకు కొట్ట బుద్ధయితలేదు, దగ్గర పెట్టుకోబుద్ధయితలేదు. బియ్యం డబ్బల పెట్టి మూత పెట్టిన.

పీట అటుకెక్కిచ్చినవ్ గద. మంచిది. నేను గూడ పుట్టిల్లు లేదనుకుంట.

అండాలు.


కర్మన్‌ఘాట్,
ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి,
22-9-2025.

అండాలమ్మకు,

నీ ఉత్తరం వచ్చిన మరునాడే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. మీ వదినెను వెంట రావద్దన్నాను. తిరుపతి దుకాణంలో కూర్చొని, వాడు నా చెవి దగ్గర చెప్పినదంతా విన్నాను. రెండు ఫోన్లకు తాళంచెవి ఒక్కటే అయినందున, నీవు తీసిన ప్రతి చిత్రమూ నా దానిలోకి తనంతట తానే వచ్చిందట. నేను తుడిచినది నీ దానిలోనూ తుడుచుకుపోయిందట. నీ ఇంటికి నేను కిటికీ పెట్టలేదు. పెట్టినది నా గర్వం. వాడు హెచ్చరించినప్పుడు అన్నాచెల్లెళ్ల మధ్య దాపరికం ఉండదని నేను గద్దించాను. ఆ మాట ఎంత అమాయకమైనదో ఇప్పుడు మనిద్దరికీ తెలుసు.

“పోయినవి పోయినట్లేనా?” అని అడిగాను.

“పోలే సార్. చెత్తబుట్టల ఉన్నయ్. కొన్నాళ్లయితే అదే కాల్చేస్తది. మీరు ముట్టుకొని వెనుకకు తెచ్చుకోవాలె.”

“నీవే తెచ్చిపెట్టు.”

వాడు ఫోను నా చేతిలో పెట్టాడు. “అన్ని ఒక్కసారి తెస్తె, తీసేయాల్సినవి గూడ ఒస్తయ్ సార్. ఏది కావాలె, ఏది ఒద్దు, మీరే చూసుకోండ్రి. ఇంటి ఫోటోలు నేను చూసుడు మంచిగుండదు.” అని ముఖం అటు తిప్పుకొన్నాడు.

చూడనని దీపం ముందు చెప్పిన ముఖాలను, నీకు తిరిగి ఇవ్వడం కోసం, ఒక్కొక్కటిగా నా వేలితో ముట్టుకొని చూశాను. చూడకుండా తెచ్చే ఉపాయం లేకపోయింది. ఆ పిల్ల గోడ మీది బల్లిని పిలవడం చూశాను, వినబడలేదు. విజయశ్రీ చిక్కింది. చిన్నప్పుడు పద్యం మరచిపోతే పెదవి కొరుక్కునేది. వడ్డిస్తూ అట్లే కొరుక్కొన్నది. ఉప్పు మరచి ఉంటుంది.

ఒక చిత్రంలో, విస్తరి అంచున, నెయ్యి గిన్నె పట్టుకొన్న ఒక చేయి ఉన్నది. మనిషి లేదు, చేయి మాత్రమే. రెండు ఎర్రని గాజుల నడుమ రాగి కడియం. వాతానికని ఆ కడియాన్ని నేనే తెచ్చి వేశాను. ఆనాడు మోకాళ్ల కోసం దవాఖానకు పోతున్నానని నాతో చెప్పింది. నీవు ఆమె పేరు ఎక్కడా వ్రాయలేదు. నీకు ఆ మర్యాద ఉన్నది. ఇంటికి వచ్చి నేను ఆమెను అడగలేదు. ఆమె అన్నం పెట్టింది, నేను తిన్నాను. ఆమె చేయి చూస్తూ తిన్నాను.

కాబట్టి ఈ లోకంలో నా మాట మీద నిలబడినవాడు ఒక్కడే, వాడు చెవిటివాడు.

నీవు నన్ను మోసగించావు. ఈ మాటను మెత్తబరచలేను. నా ప్రవచనాన్ని ఒక్కనాడూ చూడలేదని వ్రాసిన వాక్యాన్ని పదేపదే చదివాను. మిగతావి మానుతాయేమో, అది మానదు. సాయంత్రం పీఠం మీద కూర్చున్నప్పుడు, ఎదుట పెట్టిన కెమెరాను చూసి, దాని వెనుక నీవు ఉన్నావనుకొని చెప్పేవాడిని. ఇప్పుడు అది ఒట్టి గాజు.

అయితే నియమం నియమమే. అమ్మ చెప్పింది, నేను వ్రాశాను. ఒడిలో వేసినదానిని తెలియక అయినా వెనుకకు లాగాను. నీ చిత్రాలన్నీ నీ ఫోనులోకి తిరిగి వచ్చి ఉంటాయి. బియ్యం డబ్బా మూత తీసి చూసుకో. తిరుపతి నీకు వేరే ఖాతా తెరుస్తాడు. నీవు బస్సు మారేది ఎల్బీనగర్‌లోనే కనుక అక్కడికే వచ్చి చేసి ఇస్తానన్నాడు. అవి నీ ఖాతాలోకి చేరగానే నా దానిలో నుండి తొలగిపోతాయట, నీవి నీ దగ్గర భద్రంగా ఉంటాయట. ఇకమీదట నీ ఇంట ఏం జరుగుతున్నదో నాకు కనబడదు. ఆ పిల్ల ఎప్పుడు అడుగు వేసిందో కూడా నాకు తెలియదు. అది నేనే కోరాను.

మీర్‌పేట్‌కు నేను రాను. రాలేను. నన్ను పిలవవద్దు. నిన్న ఎంగిలిపూల బతుకమ్మకు మా గల్లీ ఆడపిల్లలు ఆడుతుంటే, మీ వదినె తంగేడు పూలు రెండు వంతులుగా పంచి, ఒక వంతు సంచిలో వేసి పక్కన పెట్టింది. ఎవరికని నేను విచారించలేదు.

పీటను దించానని వ్రాయలేను. అది అటక మీదనే ఉన్నది. నా చేయి అంత ఎత్తుకు పోదు. అది ఎక్కడ ఉన్నదో మీ వదినెకు తెలుసు. నీ కోసం గాని, విజయశ్రీ కోసం గాని, ఏనాడో పెద్దదై ఒడి పట్టి కూర్చోబోయే ఆ పిల్ల కోసం గాని, ఎవరు దించినా నేను విచారించను. పుట్టిల్లు లేదనుకొంటానని వ్రాశావు. అనుకోవడానికి నీకు అధికారం లేదు. పోసినవాడు తిరిగి అడగరాదన్న నియమం, పోయించుకొన్న ఆడబిడ్డ పుట్టింటిని వదులుకోవచ్చునని ఎక్కడా చెప్పలేదు.

ఆ శిశువు పేరు నీవు వ్రాయలేదు, నేను అడగలేదు. పేరు లేకుండానే దీవిస్తున్నాను. ఆమె ఒడిని నా వంటివాడు ఎవడూ కొలవకుండుగాక. ఆమె ముఖం చూడటానికి ఎవరూ చాటున ఫోను కొనుక్కోవలసిన అవసరం రాకుండుగాక.

ఇట్లు, ఆ పిల్ల తల్లికి మేనమామ జనార్ధన్ వ్రాసి ఇచ్చిన దీవెన:

పసుపు బియ్యమొడిని పదిలమై యుండంగ
నవ్వు చెరగకుండ నడచి రావె
అడుగడుగున దీవెనాయువై నిలువంగ
పుట్టినింటి వెలుగు పొందుమమ్మ.